డీఎన్ఏ, ఆర్ఎన్ఏల నిర్మాణం: కంటితో చూసి, చేత్తో కట్టి తెలుసుకునే సమగ్ర మార్గదర్శి

డీఎన్ఏ బొమ్మ గీయమంటే హైస్కూలు పిల్లలు కూడా క్షణంలో మెలితిరిగిన నిచ్చెన గీసి చూపిస్తారు. ఆ మెలిక కుడికా ఎడమకా, రెండు పక్క తాళ్లు ఒకే దిక్కుకు నడుస్తాయా, అసలు నిచ్చెన మెలి తిరగాల్సిన అవసరం ఏమొచ్చింది అని అడిగితే మాత్రం ఇంటర్మీడియట్‌లో బైపీసీ చదివినవారు కూడా ఆలోచనలో పడతారు. తప్పు వాళ్లది కాదు. బొమ్మ చూసి బట్టీపట్టింది పరీక్ష రాసిన మర్నాటికి మాసిపోతుంది. చేత్తో కట్టింది మాత్రం ఏళ్ల తరబడి గుర్తుంటుంది. తల్లిదండ్రుల పోలిక బిడ్డకు ఎలా వస్తుందన్న ప్రశ్నకు జవాబు ఆ నిచ్చెన కట్టుబడిలోనే ఉంది కాబట్టి, దాన్ని కట్టి చూడటమే సరైన దారి అని నా గట్టి నమ్మకం.

ఒక సాయంత్రం వంటగదిలో, ఒక ఆదివారం మధ్యాహ్నం వరండాలో గడపడానికి సిద్ధపడండి. పాత శుభలేఖలు, కొబ్బరి చీపురు పుల్లలు, పురికొస, కత్తెర, జిగురు, ఒక బొట్టుబిళ్లల పాకెట్ ముందే తెచ్చి పెట్టుకోండి.

అడుగు 1: ముందు కంటితో చూడండి

బాగా పండిన అరటిపండు సగం, అర గ్లాసు నీళ్లు, అర చెంచా ఉప్పు, గిన్నెలు తోమే ద్రవం రెండు చెంచాలు, పలచని నూలు గుడ్డ, సన్నని గాజు గ్లాసు కావాలి. వీటితోపాటు మందుల దుకాణంలో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్. సీసా మీద 90 శాతం లేదా అంతకు మించి అని ఉండాలి. చేతులకు రాసుకునే శానిటైజర్ పనికిరాదు.

ఆల్కహాల్ సీసాకు మూత బిగించి, మంచుముక్కలు నింపిన గిన్నెలో అరగంట నిలబెట్టండి. పొయ్యి వెలుగుతున్నచోట ఆ సీసా తెరవకండి, దాని ఆవిరికే మంట అంటుకుంటుంది. ఈలోగా అరటిపండును వేళ్లతో మెత్తగా పిసకండి. మిక్సీ వద్దు, పోగులు తెగిపోతాయి. నీళ్లలో ఉప్పు కరిగించి, గిన్నెల ద్రవం నురగ రాకుండా కలిపి, ఆ నీళ్లను గుజ్జులో పోసి నెమ్మదిగా తిప్పండి. పది నిమిషాలు ఆగి గుడ్డలో వడకట్టండి. గుడ్డను పిండకండి, దానంతట అది దిగనివ్వండి.

దిగిన ద్రవాన్ని గాజు గ్లాసులో రెండు వేళ్ల ఎత్తు పోయండి. గ్లాసును పక్కకు వంచి, చల్లని ఆల్కహాల్‌ను గోడ మీదుగా సన్నని ధారగా జార్చండి. అది కలవకుండా పైన తేటగా నిలవాలి. ఇక కదపకుండా చూడండి. రెండు పొరలు కలిసేచోట మొదట పొగలాంటి తెల్లదనం, తర్వాత బుడగలు చిక్కుకున్న సన్నని పోగులు పైకి లేస్తాయి. చీపురు పుల్ల ముంచి నెమ్మదిగా తిప్పితే ఆ పోగులు తడి దూదిలా దానికి చుట్టుకుంటాయి.

ఆ తెల్లని ముద్దలో అరటిపండు డీఎన్ఏ ఉంది. అది మాత్రమే ఉందనుకోకండి. డీఎన్ఏకు తోబుట్టువులాంటి ఆర్ఎన్ఏ ముక్కలు, కొంత ప్రోటీన్, పండును జిగటగా ఉంచే పెక్టిన్ కూడా అందులో కలిసే ఉంటాయి. ప్రయోగశాలలో అయితే వాటిని ఒక్కొక్కటిగా తొలగిస్తారు.

జరిగింది ఏమిటంటే, కణానికీ కేంద్రకానికీ ఉన్న పొరలు కొవ్వుతో చేసినవి. జిడ్డు గిన్నెను వదిలించినట్టే సబ్బు ఆ పొరలను కరిగించింది. డీఎన్ఏ ఒళ్లంతా ఫాస్ఫేట్లు, వాటి నిండా రుణావేశం. అందుకే పోగులు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నీళ్లలో విడివిడిగా తేలుతాయి. ఉప్పులోని సోడియం ఆ ఆవేశాన్ని కప్పేసింది. ఆల్కహాల్ వచ్చి నీటి ఆసరాను తప్పించింది. కరిగి ఉండలేక పోగులు ఒక్కచోట చేరి పైకి తేలాయి. సబ్బు, ఉప్పు, ఆల్కహాల్ చేసిన ఈ మూడు పనులను గుర్తుంచుకోండి. ఫాస్ఫేట్లు నిచ్చెన బయటివైపు ఉంటాయన్న విషయం ఇక్కడే తెలిసిపోయింది.

అడుగు 2: ఇదే వారసత్వ పదార్థమని ఎలా తేలింది

మీరు ఇప్పుడు చేసిన పనికి దగ్గరి పని మొదట జరిగింది కూడా ఒక వంటగదిలోనే. 1869లో జర్మనీలోని ట్యూబింగెన్ కోటలో పాత వంటగదిని ప్రయోగశాలగా మార్చారు. అక్కడ స్విట్జర్లాండ్ యువ వైద్యుడు ఫ్రీడ్రిష్ మీషర్ ఆసుపత్రి కట్లకు అంటిన చీములోని తెల్లరక్తకణాలను తీసుకున్నాడు. పంది కడుపు నుంచి తీసిన పెప్సిన్‌తో ప్రోటీన్‌ను అరిగించి, కేంద్రకాలను వేరుచేశాడు. మిగిలిన పదార్థం ఏ ప్రోటీన్‌కూ సరిపోలలేదు. అందులో భాస్వరం విపరీతంగా ఉంది, గంధకం లేదు. దానికి న్యూక్లీన్ అని పేరు పెట్టాడు. అయినా అదే వారసత్వ పదార్థమని ప్రపంచం ఒప్పుకోవడానికి 80 ఏళ్లకు పైగా పట్టింది. 20 రకాల అమైనో ఆమ్లాలున్న ప్రోటీన్‌ను వదిలి, నాలుగే రకాల ముక్కలున్న ఈ పదార్థానికి అంత పెద్ద పని అప్పగించడానికి ఎవరికీ మనసొప్పలేదు.

1928లో ఫ్రెడరిక్ గ్రిఫిత్ ఎలుకల మీద ప్రయోగం చేసి, చచ్చిన న్యుమోనియా బాక్టీరియా నుంచి బతికున్న బాక్టీరియాకు ఏదో గుణం అందుతోందని చూపాడు. ఆ ఏదో డీఎన్ఏయేనని 1944లో న్యూయార్క్‌లో ఏవరీ, మెక్లియాడ్, మెకార్టీ తేల్చారు. అందరినీ కదిలించిన ప్రయోగం మాత్రం 1952 నాటిది. ఆల్‌ఫ్రెడ్ హెర్షీ, మార్తా ఛేజ్ బాక్టీరియాను ముట్టడించే ఒక వైరస్‌ను తీసుకున్నారు. దాని పైతొడుగు ప్రోటీన్, లోపల డీఎన్ఏ. ప్రోటీన్‌లో గంధకం ఉంటుంది, డీఎన్ఏలో ఉండదు. డీఎన్ఏలో భాస్వరం నిండుగా ఉంటుంది, ఆ ప్రోటీన్‌లో దాదాపు ఉండదు. వైరస్‌లలో కొన్నిటికి రేడియోధార్మిక గంధకం, కొన్నిటికి రేడియోధార్మిక భాస్వరం ఎక్కించారు. వైరస్ బాక్టీరియాకు అతుక్కున్నాక వంటింటి మిక్సీ లాంటి యంత్రంలో తిప్పి ఖాళీ తొడుగులను ఊడగొట్టారు. గంధకం చాలా వరకు బయటే మిగిలింది, భాస్వరం లోపలికి వెళ్లింది. లోపలికి వెళ్లినదే కొత్త వైరస్‌లను పుట్టించింది. మీషర్ పట్టుకున్న భాస్వరం, గంధకం తేడాయే 83 ఏళ్ల తర్వాత తీర్పు చెప్పింది.

అడుగు 3: ఒక్క న్యూక్లియోటైడ్‌ను విప్పి చూడండి

డీఎన్ఏ గొలుసులో ఒక్కొక్క కడియాన్ని న్యూక్లియోటైడ్ అంటారు. ఇందులో మూడు భాగాలు. నడుమ ఐదు కార్బన్ల చక్కెర, ఒక పక్క ఫాస్ఫేట్, మరో పక్క నత్రజని క్షారం. కాగితం మీద చక్కెరను పంచభుజిగా గీసి, పై మూలను ఆక్సిజన్‌కు వదిలి, దాని కుడి పక్క నుంచి వరుసగా నాలుగు మూలల్లోని కార్బన్లకు 1 నుంచి 4 వరకు, నాలుగో మూలకు బయటివైపు అతుక్కున్న కార్బన్‌కు 5 అని అంకెలు వేయండి. ఈ అంకెలకు ప్రైమ్ అని చేర్చి చదువుతారు. ఈ పని దాటవేయకండి, తర్వాత వచ్చే తికమకంతా ఇక్కడి అంకెలు వేయకపోవడం వల్లే వస్తుంది. 1 ప్రైమ్ కార్బన్‌కు క్షారం అంటుకుంటుంది. 5 ప్రైమ్ కార్బన్‌కు ఫాస్ఫేట్. 3 ప్రైమ్ కార్బన్‌కు ఒక ఓహెచ్, అంటే ఆక్సిజన్, హైడ్రోజన్ కలిసిన చిన్న కొక్కెం. 2 ప్రైమ్ దగ్గర డీఎన్ఏలో ఉత్త హైడ్రోజన్, ఆర్ఎన్ఏలో ఓహెచ్. డీఆక్సీ అన్న పేరు ఆ పోయిన ఆక్సిజన్‌ను చెబుతోంది.

కొత్త న్యూక్లియోటైడ్ వచ్చి చేరేటప్పుడు తన 5 ప్రైమ్ ఫాస్ఫేట్‌ను ముందున్నవాడి 3 ప్రైమ్ కొక్కేనికి తగిలిస్తుంది. కాబట్టి గొలుసుకు ఒక కొస 5 ప్రైమ్, రెండో కొస 3 ప్రైమ్. రైలుకు ఇంజిన్ కొస, గార్డు పెట్టె కొస ఉన్నట్టు దీనికి దిశ ఉంది. పెరగడం ఎప్పుడూ 3 ప్రైమ్ కొసనే.

క్షారాలు రెండు జాతులు. ఎడినిన్, గ్వానిన్ రెండు వలయాల పెద్దవి, వీటిని ప్యూరిన్లు అంటారు. సైటోసిన్, థైమిన్, యురాసిల్ ఒకే వలయం ఉన్న చిన్నవి, ఇవి పిరిమిడిన్లు. ఎ, జి, సి, టి, యు అన్న పొట్టి పేర్లు వీటివే.

ఇక్కడ మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావును తలచుకోకుండా ముందుకు వెళ్లలేను. ఆయన హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతి ప్రకటించారు. ఆ పద్ధతి చేతిలో ఉండబట్టే 1929లో కండరం నుంచి ఏటీపీని గుర్తించగలిగారు. ఏటీపీని కణానికి ఇంధనమని మాత్రమే చదువుకుంటాం. మీరిప్పుడు గీసిన బొమ్మలో 2 ప్రైమ్ దగ్గర ఓహెచ్ పెట్టి, క్షారంగా ఎడినిన్ తగిలించి, ఒక ఫాస్ఫేట్ బదులు మూడు వరుసగా గీయండి. అదే ఏటీపీ. ఆర్ఎన్ఏ గొలుసులో ఎ అక్షరంగా వచ్చి చేరేది ఇదే అణువు, చేరేటప్పుడు రెండు ఫాస్ఫేట్లను వదిలేస్తుంది.

అడుగు 4: నిచ్చెన కట్టండి

శుభలేఖల అట్టలో వేలెడు వెడల్పు పట్టీలు కత్తిరించండి. ప్యూరిన్ పట్టీ 8 సెంటీమీటర్లు, పిరిమిడిన్ పట్టీ 5 సెంటీమీటర్లు. ఎ 7, టి 7, జి 8, సి 8 కావాలి. ఒక్కో అక్షరానికి ఒక్కో రంగు వేయండి. అట్ట ముక్కలతో ఆడుకోవడం చిన్నపిల్లల పని అనుకోనక్కరలేదు. 1953 ఫిబ్రవరిలో కేంబ్రిడ్జ్‌లో ఫ్రాన్సిస్ క్రిక్‌తో కలిసి డీఎన్ఏ నిర్మాణాన్ని వెతుకుతున్న జేమ్స్ వాట్సన్ లోహపు నమూనాలు చేతికి వచ్చేదాకా ఆగలేక అట్టతోనే క్షారాల ఆకారాలు కత్తిరించి, జతలు కలిపి చూశాడు. జత దొరికింది ఆ అట్టముక్కల్లోనే.

కొబ్బరి చీపురు పుల్లలు 15 తీసుకుని ఒక్కొక్కటి 20 సెంటీమీటర్లకు తుంచండి. రెండు కొసల్లో మూడున్నర సెంటీమీటర్లు ఖాళీ వదిలి, మధ్యలో ఒక పెద్ద పట్టీ, ఒక చిన్న పట్టీ పక్కపక్కన అంటించండి. ఎ పక్కన టి, జి పక్కన సి. ఎ, టి కలిసేచోట రెండు గీతలు, జి, సి కలిసేచోట మూడు గీతలు గీయండి, ఇవి హైడ్రోజన్ బంధాలు.

ఇప్పుడు ఒక తప్పు కావాలని చేసి చూడండి. రెండు పెద్ద పట్టీలు జత చేస్తే 16 సెంటీమీటర్లయి మెట్టు ఉబ్బుతుంది. రెండు చిన్నవైతే 10 అయి మెట్టు కుంగుతుంది. పెద్దదానికి చిన్నది జోడైతేనే ప్రతి మెట్టూ 13 వస్తుంది, పక్కతాళ్లు తిన్నగా నిలుస్తాయి. ఎర్విన్ చార్గాఫ్ అప్పటికే రకరకాల జీవుల డీఎన్ఏను కొలిచి, ఎ ఎంతుంటే టి అంతే, జి ఎంతుంటే సి అంతే అని తేల్చి ఉన్నాడు. ఆ లెక్కకు కారణం మీ చేతిలోని పుల్లే. ఎ పక్కన సి పెట్టినా వెడల్పు సరిపోతుంది కదా అని అడగవచ్చు. సరిపోతుంది, కానీ హైడ్రోజన్ ఇచ్చేచోటు, పుచ్చుకునేచోటు ఎదురెదురు పడవు. వెడల్పు, బంధాలు రెండూ కుదిరేది ఈ రెండు జతలకే.

పుల్లలను ఈ వరుసలో పేర్చండి. ఎడమ పక్క కింది నుంచి పైకి చదివితే ఇలా రావాలి:

5 ప్రైమ్ – ఎసిటి సిసిటి జిఎజి జిఎజి ఎఎజి – 3 ప్రైమ్

కుడి పక్క దానికి జత:

3 ప్రైమ్ – టిజిఎ జిజిఎ సిటిసి సిటిసి టిటిసి – 5 ప్రైమ్

రెండు పొడవాటి పురికొసలు తీసుకుని, పుల్లల రెండు కొసలను 7 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున ముడివేస్తూ పోండి. ముడి పడినచోటు చక్కెర, రెండు ముడుల మధ్య పురికొస ఫాస్ఫేట్. ఎడమ తాడు మీద పైకి చూసే బాణాలు, కుడి తాడు మీద కిందికి చూసే బాణాలు అంటించండి. రెండు పోగులు పక్కపక్కనే ఉంటూ ఎదురు దిక్కులకు నడుస్తాయి. రోడ్డు మీద రెండు వరుసల వాహనాల్లా. ఫ్రాన్సిస్ క్రిక్‌కు ఈ ఎదురునడక తట్టింది ఎక్స్-కిరణాలతో డీఎన్ఏను పరిశీలించిన రోజలిండ్ ఫ్రాంక్లిన్ కొలతల వల్ల. డీఎన్ఏ స్ఫటికాన్ని తలకిందులు చేసినా ఒకేలా కనిపిస్తోందని ఆమె లెక్కలు చెబుతున్నాయి. బాణాలు ఒకే దిక్కుకు ఉంటే అలా కుదరదు. మీ నిచ్చెనను తలకిందులుగా వేలాడదీసి చూడండి. అప్పుడు కూడా ఒక బాణం పైకి, ఒకటి కిందికే ఉంటాయి.

అడుగు 5: మెలితిప్పండి

నిచ్చెన పై పుల్లను మేకుకు కట్టి వేలాడదీయండి. పొడవు కొలవండి, 98 సెంటీమీటర్లు ఉంటుంది. మెట్ల మధ్య 7 సెంటీమీటర్ల ఖాళీ కనిపిస్తోంది కదా. అసలు కణంలో చుట్టూ ఉండేది నీరు. క్షారాలు పలచని బిళ్లల్లా ఉంటాయి, వాటి బల్లపరుపు ముఖాలకు నీరు గిట్టదు. ఆ ఖాళీలోకి నీరు చొరబడకుండా బిళ్లలు ఒకదాని మీద ఒకటి దగ్గరగా పేరుకోవాలి. పక్కతాళ్ల పొడవు తగ్గదు. మరి దగ్గరయ్యేది ఎలా?

కింది పుల్లను రెండు చేతులతో పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. తాళ్లు ఏటవాలుగా చుట్టుకుంటూ మెట్లు పైకి లేచి దగ్గరవుతాయి. ఒక్కో మెట్టు కింది మెట్టు కంటే 36 డిగ్రీలు తిరిగేసరికి, అంటే పుల్ల మొత్తం ఒకటిన్నర చుట్టుకు కాస్త తక్కువ తిరిగేసరికి, మళ్లీ కొలవండి. సుమారు 48 సెంటీమీటర్లు. మెట్ల మధ్య 3.4 మిగిలింది. మెలిక అలంకారానికి వచ్చింది కాదని చేతికి తెలిసేది ఈ క్షణంలోనే. నాకు ఈ మొత్తం పనిలో ఎంతో ఇష్టమైన క్షణం కూడా ఇదే.

ఏ వైపు తిప్పారో సరిచూడండి. మీకు ఎదురుగా కనిపించే తాడు ఎడమ కింది నుంచి కుడి పైకి ఎక్కుతుంటే అది కుడిమెలిక, సరైనది. ఎడమకు ఎక్కుతుంటే విప్పి మళ్లీ తిప్పండి. ప్రకటనల్లో, గోడబొమ్మల్లో ఎడమ మెలికతో గీసిన డీఎన్ఏ తరచూ కనిపిస్తుంది. ఇకపై మీ కన్ను దాన్ని ఇట్టే పట్టేస్తుంది.

మీరు కట్టింది అసలు కొలతకు 10 కోట్ల రెట్లు. అసలు వెడల్పు 2 నానోమీటర్లు, మీది 20 సెంటీమీటర్లు. మెట్టుకూ మెట్టుకూ దూరం 0.34 నానోమీటర్లు, మీది 3.4 సెంటీమీటర్లు. చుట్టుకు 10 మెట్లు అన్నది 1953 నాటి లెక్క, నీటిలో ఉన్న డీఎన్ఏకు 10.5 దగ్గర పడుతుంది. మెట్టుకు 0.34, చుట్టుకు 3.4 నానోమీటర్లు అన్న అంకెలను ఫ్రాంక్లిన్ తీసిన ఎక్స్-కిరణాల చిత్రాలే ఇచ్చాయి. 1952 మేలో ఆమె విద్యార్థి రేమండ్ గోస్లింగ్‌తో కలిసి లండన్ కింగ్స్ కళాశాలలో తీసిన 51వ చిత్రంలో నడుమ గుణకారపు గుర్తులా కనిపించేది మెలిక ఆనవాలు. ఫాస్ఫేట్లు బయట ఉండాలని వాట్సన్, క్రిక్‌ల మొదటి తప్పు నమూనా చూసిన రోజునే ఆమె చెప్పింది. 1962లో నోబెల్ బహుమతి వాట్సన్, క్రిక్‌లకు, కింగ్స్ కళాశాలలోనే డీఎన్ఏ మీద పనిచేసిన విల్కిన్స్‌కు వచ్చింది. ఆమె 1958లోనే, 37 ఏళ్లకే కన్నుమూసింది. ఈ నిర్మాణం గురించి చెప్పే ప్రతిచోటా ఆమె పేరు ముందు వరుసలో ఉండాలి.

ఒక మనిషి కణంలోని డీఎన్ఏ అంతా కలిపి దాదాపు 2 మీటర్లు. మీ కొలతలో కడితే ఆ నిచ్చెన 2 లక్షల కిలోమీటర్లు సాగుతుంది, చందమామ దూరంలో సగం దాటుతుంది. దాన్ని దాచాల్సిన కేంద్రకం అదే కొలతలో 600 మీటర్ల గోళం. అందుకే కణం దారపు ఉండలు చుడుతుంది. హిస్టోన్ అనే ప్రోటీన్లు ఎనిమిది కలిసి ఒక ఉండ, దాని చుట్టూ 147 మెట్ల నిచ్చెన ఒకటిన్నర చుట్టుకు పైగా. హిస్టోన్లకు ధనావేశం, ఫాస్ఫేట్లకు రుణావేశం. వంటగదిలో సోడియం చేసిన పనినే ఇక్కడ ఇవి చేస్తాయి.

అడుగు 6: నకలు తీయండి

ఏదైనా ఒక పక్క పట్టీలను మాత్రం చూస్తూ, రెండో పక్కను అరచేత్తో మూసేయండి. మూసిన పక్క ఏమిటో చెప్పగలరా? ప్రతి అక్షరం చెప్పగలరు. కణం చేసేదీ అంతే. మెట్లను నడుమ విడదీసి, ఒక్కో పోగుకు కొత్త జత కడుతుంది. ప్రతి కొత్త నిచ్చెనలో ఒక పాత పోగు, ఒక కొత్త పోగు ఉంటాయని 1958లో మెసెల్‌సన్, స్టాల్ బరువైన నత్రజనితో నిరూపించారు. పోగులు ఎదురు దిక్కులవి, పెరుగుదల 3 ప్రైమ్ కొసనే కాబట్టి, ఒక పోగు మీద పని ఏకధాటిగా సాగుతుంది, రెండోదాని మీద ముక్కలు ముక్కలుగా చేసి అతకాల్సి వస్తుంది. బాణాలు అంటించినవారికి ఇది వింతగా తోచదు.

అడుగు 7: ఆర్ఎన్ఏ కట్టండి

ఒకే పురికొస తీసుకుని 15 ముడులు వేసి, నిచ్చెన ఎడమ పక్క అక్షరాలనే వరుసగా తగిలించండి. మూడు మార్పులు. పోగు ఒక్కటే. టి బదులు యు. ప్రతి ముడి మీద ఒక ఎర్ర బొట్టుబిళ్ల, అది 2 ప్రైమ్ దగ్గరి ఓహెచ్.

ఆ బొట్టుబిళ్లను చిన్నచూపు చూడకండి. పక్కనే ఉన్న ఫాస్ఫేట్ బంధం మీద తిరగబడి గొలుసును తెంపేది అదే, సున్నపు నీటిలాంటి క్షార ద్రావణంలో ఆ పని మరీ వేగం. డీఎన్ఏకు అది లేదు కాబట్టే అంత నిలకడ. మంచులో కూరుకుపోయిన మామూత్ ఏనుగుల దంతాల్లో పది లక్షల ఏళ్లు దాటిన డీఎన్ఏను కూడా చదవగలిగారు. ప్రోటీన్ తయారీకి సూచనలు మోసే సందేశ ఆర్ఎన్ఏ ఆయుష్షు కణంలో నిమిషాలు, గంటలు, మహా అయితే రోజులు. కోవిడ్ సమయంలో ఒక ఆర్ఎన్ఏ టీకాను మైనస్ 70 డిగ్రీల చలిలో దాచాల్సి వచ్చింది. భద్రపరచాల్సిన ప్రతిని డీఎన్ఏలో ఉంచి, వాడి పారేసే ప్రతులను ఆర్ఎన్ఏలో తీయడం కణానికి అనుకూలం.

మరి టి ఎందుకు, యు తోనే సరిపెట్టుకోవచ్చు కదా? థైమిన్ అంటే యురాసిల్‌కు ఒక మిథైల్ ముక్క, అంటే ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు, తగిలించినదే, వేరే తేడా లేదు. సైటోసిన్ దానంతట అదే పాడై యురాసిల్‌గా మారుతుంటుంది, ప్రతి కణంలో ప్రతి రోజూ. డీఎన్ఏలో యు మామూలు అక్షరమైతే, ఏది అసలు, ఏది పాడైన సి అన్నది తెలిసే దారి లేదు. అసలు అక్షరానికి మిథైల్ గుర్తు ఉంది కాబట్టి, గుర్తులేని యు కనిపించగానే మరమ్మతు ఎంజైమ్ దాన్ని కోసి తీసేస్తుంది.

ఆ మిథైల్ ముక్కను అందించేది ఫోలిక్ ఆమ్లం నుంచి తయారయ్యే సహాయక పదార్థం. గర్భిణులకు ఐరన్‌తోపాటు ఇచ్చే బిళ్లలో ఉండే ఫోలిక్ ఆమ్లమే. కడుపులో బిడ్డ కణాలు వేగంగా విభజన చెందేటప్పుడు బోలెడు టి కావాలి. అది చాలకపోతే డీఎన్ఏ నకలు కుంటుపడుతుంది. దీన్నే తిప్పి ఆయుధం చేసుకున్నదీ సుబ్బారావు బృందమే. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన నాయకత్వంలో ఫోలిక్ ఆమ్లాన్ని, దానికి అడ్డుపడే మందులను తయారుచేశారు. వాటిలో ఒకటైన ఎమినోప్టెరిన్‌తో పిల్లల రక్తకేన్సర్ తాత్కాలికంగా తగ్గుముఖం పట్టిందని 1948లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ప్రకటించారు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. టి దొరకకుండా చేస్తే కేన్సర్ కణం నకలు తీసుకోలేదు. ఒక చిన్న మిథైల్ ముక్క మీద ఇంత కథ నడిచింది.

ఒంటిపోగు కాబట్టి ఆర్ఎన్ఏ తన మీద తానే మడతపడుతుంది. మీ పురికొసను మధ్యకు మడిచి, ఎ ఎదుట యు, జి ఎదుట సి పడేచోట్లు వెతకండి. అలా మడతలు పడటం వల్లే అమైనో ఆమ్లాలను మోసుకొచ్చే టీ-ఆర్ఎన్ఏలు తయారవుతాయి. ప్రోటీన్ తయారుచేసే రైబోజోమ్‌లో అమైనో ఆమ్లాలను అతికే పని చేసేది కూడా ఆర్ఎన్ఏయే.

అడుగు 8: చదవండి, ఒక్క అక్షరం మార్చండి

మీ నిచ్చెన కుడి పోగును మూసగా పెట్టుకుని ఆర్ఎన్ఏ రాయండి. ఇలా రావాలి:

5 ప్రైమ్ – ఎసియు సిసియు జిఎజి జిఎజి ఎఎజి – 3 ప్రైమ్

ఎడమ పోగే మళ్లీ వచ్చింది, టి ఉన్నచోట యు. మూడేసి అక్షరాలు ఒక మాట, ఆ మాట ప్రోటీన్‌లో చేరాల్సిన ఒక అమైనో ఆమ్లాన్ని చెబుతుంది. 1961లో నైరెన్‌బర్గ్, మథాయ్ మొదటి మాటను చదివారు. మిగిలిన మాటలు తేలడంలో, తాను కూర్చిన ఆర్ఎన్ఏ గొలుసులతో హరగోవింద ఖొరానా చేసిన కృషి పెద్దది. 1968 నోబెల్ అందుకే. మీ ఆర్ఎన్ఏలోని మాటలు వరుసగా థ్రియోనిన్, ప్రోలిన్, గ్లుటామిక్ ఆమ్లం, గ్లుటామిక్ ఆమ్లం, లైసిన్. ఇది ఊరికే పేర్చిన వరుస కాదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ బీటా గొలుసు 4వ స్థానం నుంచి 8వ స్థానం వరకు.

ఇప్పుడు కింది నుంచి ఎనిమిదో పుల్లను విప్పి, ఎడమవైపున్న ఎ కుడికి, కుడివైపున్న టి ఎడమకు వచ్చేలా తిప్పి కట్టండి. జిఎజి కాస్తా జిటిజి అయింది. ఆర్ఎన్ఏలో జియుజి. గ్లుటామిక్ ఆమ్లం పోయి వాలైన్ వచ్చింది. నిచ్చెన వెడల్పు మారలేదు, బంధాలు అప్పుడూ 38, ఇప్పుడూ 38. మెలికలో తేడా లేదు. బయటి నుంచి చూస్తే ఏమీ జరగనట్టే ఉంది. కానీ తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు ప్రతులూ ఇలాగే వచ్చిన బిడ్డలో ఎర్రరక్తకణాలు కొడవలిలా వంగి, సన్నని నాళాల్లో ఇరుక్కుని, ఎముకలు కొరికేసే నొప్పి పెడతాయి. అదే సికిల్ సెల్ వ్యాధి. పాడేరు ఏజెన్సీలో, ఆదిలాబాద్ గూడేల్లో ఈ నొప్పితో పెరిగే పిల్లలున్నారు. ఒక ప్రతి మాత్రమే ఉన్నవారు మామూలుగా బతుకుతారు. అలాంటి ఇద్దరికి పుట్టే ప్రతి బిడ్డకూ వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఆ ప్రాంతాల్లో పెళ్లికి ముందు రక్తపరీక్ష చేయించుకోమని చెప్పేది ఇందుకే.

అడుగు 9: ఆర్ఎన్ఏయే వారసత్వ పదార్థమైనచోట సరిచూసుకోండి

జంతువులు, మొక్కలు, బాక్టీరియా అన్నిటిలో వారసత్వ పదార్థం డీఎన్ఏ. కొన్ని వైరస్‌లు మాత్రం ఆ పని ఆర్ఎన్ఏకు అప్పగించాయి. 1956లో మీషర్ పనిచేసిన ట్యూబింగెన్ ఊళ్లోనే గియరర్, ష్రామ్ పొగాకు మొజాయిక్ వైరస్ నుంచి ప్రోటీన్ తొలగించి, ఉత్త ఆర్ఎన్ఏను ఆకు మీద రుద్దారు. ఆకుకు తెగులు సోకింది, కొత్త వైరస్‌లు పుట్టాయి. కోవిడ్ తెచ్చిన వైరస్‌ది సుమారు 30 వేల అక్షరాల ఒంటిపోగు ఆర్ఎన్ఏ. అందుకే ఆర్టీపీసీఆర్ పరీక్షలో ముందు దాన్ని డీఎన్ఏగా తిరగరాసి, తర్వాత నకళ్లు పెంచుతారు.

మీకు పట్టుబడిందో లేదో తెలియాలంటే మూడు లెక్కలు చేయండి.

ఒక కణం డీఎన్ఏలో ఎ 30 శాతం. సి ఎంత? ఎ 30 అయితే టి 30, మిగిలిన 40లో సగం, 20 శాతం.

ఒక వైరస్‌లో టి ఉంది, యు లేదు. ఎ, టి సమానంగా లేవు. ఏమిటది? టి ఉంది కాబట్టి డీఎన్ఏ, జతలు కుదరలేదు కాబట్టి ఒంటిపోగు. 5,386 అక్షరాల ఫై ఎక్స్ 174 అనే వైరస్ ఇలాంటిది.

మూడోది. టి లేదు, యు ఉంది. ఎ ఎంతుందో యు అంతే, జి ఎంతుందో సి అంతే. అంటే జంటపోగు ఆర్ఎన్ఏ, బొట్టుబిళ్లలున్న నిచ్చెన. పసిపిల్లలకు నీళ్ల విరేచనాలు తెచ్చే రోటావైరస్ అదే, 11 ముక్కల జంటపోగు ఆర్ఎన్ఏ. హైదరాబాద్‌లో తయారైన రోటావాక్ ఈ వైరస్‌లో సహజంగానే బలహీనమైన ఒక రకంతో చేసిన టీకా. 2016లో జాతీయ కార్యక్రమం కింద రోటావైరస్ టీకా మొదట అందుకున్న నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 6, 10, 14 వారాల వయసులో బిడ్డ నాలుక మీద పడే ఆ చుక్కల్లో ఉన్నది, మీరిప్పుడు చేత్తో కట్టగల నిచ్చెనే.